క్రాసింగులో పడ్డ బండి

ఇప్పుడంటే గుడివాడలో ఎక్కి ఓ కునుకు తీస్తే భీమవరం వచ్చేస్తోంది గానీ, మా రోజుల్లో అలా కాదర్రా. ఉన్నది ఒక్కటే లైను. మొదట్లో అదీ మీటరుగేజీయే, తరవాతెప్పుడో పెద్ద లైను చేశారు. ఎదురు ఎక్స్‌ప్రెస్ ఉందంటే మన పాసింజరు ఏ కైకలూరులోనో ఆకివీడులోనో పక్క లైనులో పడుండాల్సిందే. "బండి క్రాసింగులో పడిందిరోయ్" అనేవాడొకడు. జనం దిగి చెట్టునీడ చూసుకునేవాళ్లు. పురిటికి పుట్టింటికెళ్లే పిల్ల, కోర్టు వాయిదా ఉన్న రైతు, కొల్లేటి చేపల బుట్టలు... అందరూ ఆగాల్సిందే. మనిషి ఓర్చుకుంటాడు, చేప ఓర్చుకోదుగా! పొద్దెక్కేకొద్దీ బేరం దిగిపోయేది.

ఒంటిలైను మీద రెండు బండ్లు ఎదురుపడకుండా కాసే టోకెను సంగతి మీకు తెలీదు. అది చేతికి అందందే డ్రైవరు బండిని ముందుకి తియ్యకూడదు. స్టేషన్లో ఓ పెట్టె, పక్క స్టేషన్లో దాని జత. ఇక్కడ ఓ టోకెను బయటికి తీశారంటే, అది ఏదో ఒక పెట్టెలోకి తిరిగి చేరిందాకా రెండింట్లోనూ ఇంకోటి ఊడిరాదు. దాన్ని తోలుసంచీలో పెట్టి, ఆ సంచీని పెద్ద రింగుకి కట్టేవాళ్లు. ఆగని బండి వస్తుంటే పాయింట్సుమన్ పట్టాల పక్కన రింగెత్తి నిలబడేవాడు. ఫైర్‌మన్ ఇంజన్లోంచి సగం బయటికి వంగి పాత రింగు విసిరేసి, కొత్తదాంట్లోకి భుజందాకా చెయ్యి దూర్చేసేవాడు. రాత్రిళ్లు అదంతా దివిటీ వెలుగులోనే. ఎన్ని ప్రాణాలు కాపాడిందో ఆ రింగు!

2011-12లో డబులింగు మంజూరైంది, కరెంటు లైనుతో సహా. విజయవాడ నించి గుడివాడ, భీమవరం, అటు నరసాపురం, నిడదవోలు, ఇటు బందరు, అన్నీ కలిపి 221 కిలోమీటర్లు. ఏళ్లూపూళ్లూ పట్టిందని విసుక్కున్నవాళ్లున్నారు. నేను మాత్రం విసుక్కోను. మనది నల్లరేగడి. ఎండకి బీటలిస్తుంది, వానకి ఉబ్బుతుంది. పాతకట్ట బండ్ల బరువుకి ఏళ్ల తరబడి కుదురుకున్నది. దాని పక్కనే కొత్తమట్టి పోసి పట్టాలు పరిచేస్తే కుంగదూ? పైగా కాలవ దాటితే బోదె, బోదె దాటితే డ్రెయిను, మధ్యలో ఉప్పుటేరు. ప్రతిదానికీ రెండో వంతెన కట్టాలి. నడిచే బండ్లని నడవనిస్తూనే కట్టాలి.

ఏలూరు మీదుగా మెయిన్ లైను తెగితే బండ్లని ఇటు తిప్పి నిడదవోలులో కలుపుతారు. ఒంటిలైనప్పుడు అవి వచ్చాయంటే మన పాసింజర్లు ఎక్కడివక్కడే. ఇప్పుడు రెండో లైను పడింది గనక పోయేవాటికో దారి, వచ్చేవాటికో దారి.