రోజీ ఒంటి మీద రంగు

2008 మే నెల. వెస్ట్ మారేడుపల్లిలో పెద్దమ్మ వాళ్లింటి అటక మీద నుంచి ఇనుప ట్రంకుపెట్టె దించాం. తొమ్మిదేళ్లుగా ఎవరూ తెరవని పెట్టె. మూత ఎత్తగానే కలరా ఉండల వాసన గదంతా కమ్మేసింది. అడుగున పాత తువ్వాలు మడతల్లో రోజీ పడుకుని ఉంది. పైకి చూస్తే ఏమీ కాలేదు. లంగా మెరుస్తూనే ఉంది, జడ వేసింది వేసినట్టే ఉంది. పెద్దమ్మ హుక్కు విప్పి లంగా తీసింది. ఒక్క క్షణం చూసి, మాట్లాడకుండా మళ్లీ తొడిగేసింది.

నేను చూశాను. నడుము నుంచి మోకాళ్ల దాకా ఒళ్లంతా కమిలినట్టు ఊదా ఎరుపు. లంగా కుచ్చులు తగిలిన చోటల్లా చారలు. నడుం చుట్టూ నాడా బిగిసిన చోట వేలెడు వెడల్పున నల్లటి పట్టీ.

రోజీ మా ఇంట పుట్టిన బొమ్మ కాదు. పెద్దనాన్నకు లాలాగూడలో రైల్వే క్వార్టర్సు ఉన్న రోజుల్లో పక్కింట్లో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఉండేది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక ఆ సముదాయంలో చాలామంది ఇంగ్లండుకో ఆస్ట్రేలియాకో తరలిపోయారు. వీళ్లూ 1964లో ఆస్ట్రేలియా ఓడెక్కారు. వెళ్లేముందు ఆ ఇల్లాలు తన కూతురి బొమ్మను తెచ్చి పెద్దమ్మ చేతిలో పెట్టిందట. రెండడుగుల పొడవు, మెత్తటి వినైల్ ఒళ్లు, తలలో కుట్టిన గోధుమరంగు జుట్టు, పడుకోబెడితే మూతలు పడే నీలి కళ్లు. రోజీ అన్న పేరు ఆ పిల్ల పెట్టిందే. మేమెవరమూ మార్చలేదు.

ఆ రోజు నుంచి 1999 వరకు మా కుటుంబంలో రోజీని మించిన అపురూపం లేదు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన వాళ్లం కాబట్టి మాకు బొమ్మల కొలువు సంక్రాంతికి. వీధిలోని తమిళుల ఇళ్లలో దసరాకే పెట్టేసేవారు. పెద్దమ్మ తొమ్మిది మెట్లు పెట్టేది. కొండపల్లి ఏనుగు అంబారీ, ఏటికొప్పాక లక్క బొమ్మలు, తిరుపతి ఎర్రచందనం రాజారాణి, మట్టి దశావతారాలు ఎక్కడివక్కడ సర్దాక, నడిమెట్టు మీద పట్టు పరికిణీలో రోజీ. పెద్దమ్మ ఆ బుగ్గ మీద కాటుకతో దిష్టిచుక్క పెట్టేది. పేరంటానికొచ్చిన వాళ్లు దేవుళ్లకు దండం పెట్టి రోజీ దగ్గర ఆగేవారు. భోగిపళ్లు పోసేటప్పుడు పిల్లలతో పాటు దానికీ రెండు రేగుపళ్లు.

రోజీ వల్లే పెద్దమ్మకు బొమ్మల పిచ్చి పట్టింది. పెద్దనాన్న రైల్వే పాసు మీద ఢిల్లీ వెళ్లినప్పుడు అందరూ ఎర్రకోట అంటే ఆవిడ శంకర్ బొమ్మల మ్యూజియం అంది. కార్టూనిస్టు శంకర్ 1965లో తెరిచిన ఆ మ్యూజియంలో ఒక పూటంతా గడిపి వచ్చింది. చీర కట్టుకున్న బార్బీలు మన దుకాణాల్లోకి వచ్చాక అవీ చేరాయి. అద్దాల బీరువా నిండింది. అయినా రోజీ చోటు రోజీదే.

1999లో అక్క పెళ్లయింది. పెళ్లి బట్టలన్నీ జనరల్ బజార్లోనే కొన్నారు. జాకెట్టుకు తీసిన మెరూన్ రంగు వెల్వెట్ గుడ్డలో ముక్క మిగిలితే పెద్దమ్మ రోజీకి లంగా కుట్టింది. అంచుకు జరీ పట్టీ, చెవులకు రాగి కమ్మలు. కొత్త రంగు బట్ట ఏదైనా మొదట ఉప్పునీళ్లలో జాడించందే తొడగని మనిషి ఆవిడ. ఈ గుడ్డను కూడా ఒక కొస తడిపి తెల్ల రుమాలుతో రుద్ది చూసింది. చుక్క రంగు దిగలేదు.

అక్క అమెరికా వెళ్లిపోయింది. పేరంటానికి పిలవాల్సిన పిల్లలు ఒక్కొక్కరే వీధి ఖాళీ చేశారు. కొలువు ఆగింది. రోజీని ఆ లంగాతోనే తువ్వాల్లో చుట్టి, పురుగు పట్టకుండా కలరా ఉండలు వేసి అటక ఎక్కించారు. పైన రేకు. సికింద్రాబాదు ఎండ మే నెలలో 42 డిగ్రీలు దాటుతుంది. రేకు కింద, ఇనుప పెట్టెలో ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. అలా తొమ్మిది ఎండాకాలాలు.

ఏం జరిగిందో నాకు తెలియడానికి చాలాకాలం పట్టింది. వినైల్ అంటే పీవీసీ. నీళ్ల గొట్టాలకు వాడే గట్టి పదార్థమే. దాన్ని పసిబిడ్డ చర్మంలా మెత్తబరచడానికి నూనెలాంటి ద్రవం కలుపుతారు, దాని పేరు ప్లాస్టిసైజర్. మెత్తటి బొమ్మ బరువులో మూడోవంతు దాకా ఆ ద్రవమే ఉండొచ్చు. ఇక ఆ వెల్వెట్ లాంటి పాలియెస్టర్ బట్టకు అద్దే రంగులు నీళ్లలో దాదాపు కరగవు, నూనె గుణమున్న వాటిలో కరుగుతాయి. అందుకే పెద్దమ్మ తడిగుడ్డ పరీక్షలో ఏమీ బయటపడలేదు. నీళ్లకు దిగని రంగు రోజీ ఒంటి నూనెకు దిగింది. వేడి ఎంత పెరిగితే అంత వేగంగా లోపలికి పాకింది. కలరా ఉండల ఆవిరి కూడా ప్లాస్టిక్కును మెత్తబరుస్తుంది. పురుగు పట్టకూడదని వేసిన ఉండలూ ఒంటికి చేటే చేశాయి. రాగి కమ్మలు చిలుము పట్టి చెవుల చుట్టూ పచ్చటి వలయాలు దించాయి. పాత బార్బీలకు కూడా లోహపు కమ్మల వల్ల ఇదే జబ్బు వస్తుందని తర్వాత తెలిసింది.

కాటుక మాత్రం ఏమీ చేయలేదు. ముప్ఫై అయిదు సంక్రాంతులు పెట్టిన దిష్టిచుక్క తాలూకు జాడ ఒక్కటీ లేదు. కాటుక మసి నూనెలో కరగదు, పైనే ఉంటుంది, తుడిస్తే పోతుంది. పక్కన కొండపల్లి బొమ్మలకూ ఏమీ కాలేదు. వాటి చీర గుడ్డ కాదు, చింతగింజల మక్కు మెత్తిన పొనికి చెక్క మీద వేసిన రంగు.

ఆ మరక తీయడానికి మేం చేసిన పనులు ఇప్పుడు రాయాలంటే చెయ్యి ఆడటం లేదు.

మొదట సబ్బునీళ్లలో ముంచాం. మరక పోలేదు. మెడ అతుకులోంచి నీళ్లు తల్లోకి వెళ్లి కళ్ల వెనక తీగ తుప్పు పట్టింది. రోజీ కళ్లు సగం మూతలతో నిలిచిపోయాయి. తర్వాత కిరోసిన్. తర్వాత ఎవరో చెప్పారని గోళ్లరంగు తుడిచే మందు. అందులోని అసిటోన్ వినైల్‌నే పాడుచేస్తుంది. తొడ మీద రూపాయి బిళ్లంత మేర నునుపు పోయి గరుకు తేలింది. పెద్దమ్మ నా చేతిలోంచి దూది లాక్కుని, "చాలమ్మా, దానికి నొప్పి పుడుతోంది" అంది.

నేను ఆగలేదు. మొటిమలకు రాసే బెంజాయిల్ పెరాక్సైడ్ క్రీముతో బొమ్మల మరకలు పోతాయని తెలిసింది. కొన్ని దేశాల్లో మైదాపిండిని తెల్లబరచడానికి వాడేది కూడా ఇదే. రాసి ఎండలో ఉంచితే వినైల్లోకి ఇంకి, రంగు అణువును విరగ్గొడుతుంది. రంగు బయటికి రాదు, ఉన్నచోటే కంటికి కనబడకుండా పోతుంది. మందుల షాపులో 5 శాతం ట్యూబు కొన్నాను. మరక మీద మాత్రమే, పలచగా, జుట్టుకూ ముఖానికీ తగలకుండా రాయాలి, ఎండిపోకుండా పల్చటి ప్లాస్టిక్ చుట్టాలి, రోజూ తీసి చూడాలి, మరక వెలిసిందనగానే కడిగేయాలి. ఇవన్నీ తెలిసే మొదలుపెట్టాను.

డాబా మీద నాలుగో రోజుకు ఎరుపు గులాబీ అయింది. పదో రోజుకు నడుం పట్టీ వెలిసింది. నాకు ఆశ పుట్టింది. చెవుల పచ్చదనం కూడా పోగొడదామని అక్కడా రాసి, ఒక పెళ్లికి విజయవాడ వెళ్లి మూడు రోజులు తిరిగి రాలేదు. వచ్చేసరికి క్రీము చెవుల నుంచి చెంపల మీదికి జారి ఉంది. బుగ్గల ఎరుపు పోయింది. ఎడమవైపు పెదవి చివర పోయింది. నడుము కింద తెల్లటి బొల్లి మచ్చలు. ఒకప్పుడు కమిలిన ఒళ్లు ఇప్పుడు రెండు రంగుల ఒళ్లయింది. చెవుల పచ్చదనం మాత్రం అలాగే ఉంది.

పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. రోజీని ఒళ్లో పడుకోబెట్టుకుని, మూతపడని కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టింది.

మరుసటి ఏడాది లోతున మిగిలిన రంగు మెల్లగా పైకి తేలి, నడుం పట్టీ చోట గులాబీ నీడ మళ్లీ కనబడింది. దాన్ని ఇక ముట్టుకోలేదు. 2015లో పెద్దమ్మ పోయింది. బార్బీలు, మట్టి బొమ్మలు బంధువులు తలా ఒకటి పట్టుకెళ్లారు. రోజీని ఎవరూ అడగలేదు. నేను తెచ్చుకున్నాను.

చదువుతున్న మీ ఇంట్లో అటక మీదో బీరువాలోనో మెత్తటి ప్లాస్టిక్ బొమ్మ ఉంటే, దాని ఒంటి మీద ఎర్రటి, నల్లటి, ముదురు నీలం బట్ట ఉంటే, ఈ రాత్రే విప్పేయండి. చెవులకు లోహపు కమ్మలుంటే తీసేయండి. నీళ్లలో రంగు దిగలేదని నమ్మకండి. రంగు బట్ట తొడగక తప్పకపోతే లోపల ఉతికి ఉతికి తెల్లబడ్డ నూలు గుడ్డ ఒక పొర వేయండి. కలరా ఉండలు వద్దు, అటక వద్దు, ఎండ తగలని చల్లటి గదిలో పెట్టండి. మరక అప్పటికే పడి ఉంటే దాని మానాన దాన్ని వదిలేయండి. మా రోజీకి ఇప్పుడు పెద్దనాన్న పాత పంచె చింపి కుట్టిన గౌను తొడిగాను.