పద్యకథపై పదిమంది మాట

ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతాల్లో ద్రౌపదీ అమ్మ ఉత్సవాలంటే భారతం వినడమే. పగలు పౌరాణికుడు విల్లిపుత్తూరార్ తమిళ భారతంలోని పద్యం పాడి అర్థం చెబుతాడు. అదే కథను రాత్రి తెరుక్కూత్తు అనే వీధినాటక బృందం ఆడుతుంది. అర్జున తపస్సు నాడు వేషధారి ఎత్తైన మాను ఎక్కి పాడుతుంటే కింద ఊరంతా నిలబడి చూస్తుంది. ఉత్తరాన చిత్తూరు వైపు ఇవే ఉత్సవాలు ధర్మరాజు గుళ్ళలో తెలుగు హరికథలతో సాగుతాయి. బారామహల్‌గా పేరుపడి, 1792లో టిప్పు సుల్తాను చేతినుంచి ఈస్టిండియా కంపెనీకి పోయిన ధర్మపురి, కృష్ణగిరి సీమలో తమిళం, తెలుగు, కన్నడం మూడూ మాట్లాడేవాళ్ళున్నారు.

ఇక్కడి శ్రోతకు కథ ముందే తెలుసు. ద్రౌపది జుట్టు ముడి ఎప్పుడు పడుతుందో పిల్లలు కూడా చెబుతారు. అందుకే జనం మాట్లాడుకునేది చెప్పిన తీరు గురించి: పౌరాణికుడు ఏ ఘట్టాన్ని సాగదీశాడు, దుర్యోధన వేషం ఎవరికి నప్పింది అని. తెలుగునాట పురాణ కాలక్షేపంలోనూ అంతే. పద్యం చదివేవారొకరు, అర్థం చెప్పేవారొకరు, వినేవారు పదిమంది. చదువరి ఒంటరిగా పుస్తకం పట్టుకోవడం అచ్చుయంత్రం వచ్చాక బలపడిన అలవాటు.

ఎవరికీ తెలియని కథను పద్యంలో చెబితే వినేవారి మాట మారక తప్పదు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన రాసిన ‘కళాపూర్ణోదయం’ అలాంటిది. ఎనిమిది ఆశ్వాసాల ఈ కావ్యం ద్వారకలో కలభాషిణి అనే యువతితో మొదలవుతుంది. ఆకాశంలో విమానంపై పోతున్న రంభా నలకూబరులను ఆమె చూస్తుంది. అసలు మూలకథ చాలా తర్వాత గాని బయటపడదు: బ్రహ్మ సరస్వతికి సరసంగా చెప్పిన కథే భూమ్మీద జరుగుతోందని. మణికంధరుడనే గంధర్వుడు కళాపూర్ణుడుగా, కలభాషిణి మధురలాలసగా మళ్ళీ పుడతారు. ఒకరి రూపంలో మరొకరు తిరిగే ఘట్టాల్లో ఎవరు ఎవరో తేల్చుకోవడానికి పాఠకుడు వెనక్కి వెళ్ళి చూసుకోవాల్సిందే.

ఇందులో చాలామందికి ఇష్టమైన ఉపకథ శాలీన సుగాత్రులది. నగలతో అలంకరించుకుని వచ్చిన భార్యను పట్టించుకోని శాలీనుడు, నగలు తీసేసి తనతో తోటపని చేస్తూ చెమటోడ్చిన సుగాత్రిపై మనసు పడతాడు. సూరన కాలపు అలవాటైన అలంకార వర్ణనకు ఇంత సూటి జవాబు మరెక్కడా కనబడదు.

ఈ కావ్యంపై చదువరి అభిప్రాయాన్ని పుస్తకంగా నిలబెట్టినవాడు చిత్తూరు సమీపంలోని కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డి. విద్యార్థిగా ఉండగానే ‘ముసలమ్మ మరణం’ అనే పద్యకథ రాసినవాడాయన. 1914లో వచ్చిన ‘కవిత్వతత్త్వ విచారము’లో సూరన కళాపూర్ణోదయ, ప్రభావతీ ప్రద్యుమ్నాలను పరిశీలించాడు. పద్యానికి ఛందస్సు, అలంకారం చూసి ఊరుకోకుండా కథానిర్మాణం, పాత్రల స్వభావం, కల్పనాశక్తి ఎలా ఉన్నాయని అడిగాడు. ప్రబంధాల మామూలు వర్ణనలను నిర్మొహమాటంగా తప్పుబట్టాడు. తెలుగు ఆధునిక విమర్శకు ఇది ముఖ్యమైన మొదటి అడుగుల్లో ఒకటి. దీనికి అవకాశమిచ్చింది సూరన కల్పిత కథే. తెలిసిన పురాణం మీద ఇలాంటి ప్రశ్నలు అంత సహజంగా పుట్టవు. రష్యాలోనూ పుష్కిన్ పద్యనవల ‘యెవ్‌గేనీ అనేగిన్’పై విమర్శకుడు బెలిన్‌స్కీ 1844-45లో వ్యాసాలు రాస్తూ కథలోని మనుషుల గురించి, వారి సమాజం గురించి విస్తారంగా చర్చించాడు.

2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కళాపూర్ణోదయాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, దీన్ని నవలగానే చదవాలని వాదించారు. దాంతో తెలుగు తెలియని పాఠకులు కూడా ఈ చర్చలో చేరారు.