అడగని ఉత్తరాలకు జల్లెడ

తపాలాలో వచ్చే ఉత్తరానికి పంపినవాడు బిళ్ళ కొనవలెను. కనుక ఊరందరికీ ప్రకటనలు పంపదలచిన వర్తకుడు ముందుగా తన సంచి తడిమి చూచుకొంటాడు. ఈమెయిల్‌కు బిళ్ళ లేదు. ఒక ఉత్తరమైనా లక్ష ఉత్తరాలైనా పంపేవానికయ్యే ఖర్చులో పెద్ద తేడా ఉండదు. ఏరి పారవేసే శ్రమ మాత్రం అందుకొన్నవానిది. బెడదకంతకూ మూలం ఇదే.

ఆశ్చర్యమేమనగా, బెడద ముదరక ముందే దానిని ఊహించినవాడొకడున్నాడు. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ అనే కంప్యూటర్ల వల అమెరికాలో పనిచేస్తుండగా, 1975 నవంబరులో జాన్ పోస్టెల్ ఒక చిన్న పత్రం వ్రాసినాడు. అక్కరలేని ఉత్తరాలను నిరాకరించే వీలు అందుకొనే కంప్యూటరుకు ఉండవలెనని దాని సారాంశం. మూడేండ్లు గడవకముందే, 1978 మే నెలలో, డిజిటల్ ఈక్విప్‌మెంట్ సంస్థ ఉద్యోగి గేరీ థ్యూర్క్ తమ కొత్త కంప్యూటర్ల ప్రకటనను దాదాపు 400 మందికి ఒక్కసారిగా పంపినాడు. ఈ వల ప్రభుత్వపు పనులకే గాని వ్యాపారానికి కాదని మందలింపు వచ్చినది.

1990 తరువాత వల వ్యాపారానికి తెరచుకొన్నది, ప్రకటనలు వరదలెత్తినవి. మొదట పంపేవారి చిరునామాల పట్టికలు తయారుచేసి వారిని ఆపినారు. వారు చిరునామాలు మార్చినారు. కొన్ని మాటలున్న ఉత్తరాలను ఆపినారు. వారు అక్షరాల నడుమ అంకెలు చొప్పించి వ్రాసినారు.

అప్పుడు అక్కరకు వచ్చినది పాత గణితం. థామస్ బేయస్ అనే ఆంగ్ల మతాచార్యుని సంభావ్యతా వ్యాసం ఆయన మరణానంతరం 1763లో అచ్చయినది. దానిని 1998లో మెహ్రాన్ సహామీ, ఆయన సహచరులు ఈ పనికి వినియోగించినారు. 2002లో పాల్ గ్రాహం వ్యాసంతో అది బహుళ ప్రచారం పొందినది.

పద్ధతిని విద్యార్థులు నల్లబల్లపై చేసి చూడవచ్చును. 100 ప్రకటనలలో 40 టిలోను, 100 మంచి ఉత్తరాలలో 2 టిలోను ‘ఉచితం’ అనే మాట ఉన్నదనుకొందాం. ఆ మాట గల ఉత్తరం ప్రకటన అనుటకు మొగ్గు 20కి 1. అదే ఉత్తరంలో ‘తరగతి’ అనే మాట కూడా ఉన్నది. అది ప్రకటనలలో 1, మంచి ఉత్తరాలలో 30 చోట్ల కనబడుననుకొందాం. మాటలు ఒకదానిపై ఒకటి ఆధారపడవని భావించి గుణిస్తే మొగ్గు 20కి 30, అనగా సంభావ్యత 40 శాతం. ఉత్తరం బ్రతికినది! పది ప్రకటనలు జారిపోయినా నష్టం కొద్దే; ఉద్యోగపు పిలుపు ఒక్కటి చెత్తలో పడితే ఎంత కీడు? గ్రాహం మంచి ఉత్తరాలలోని మాటల లెక్కను రెట్టింపు చేసినది ఇందుకే.

అయితే మనమే పేరిచ్చి తెప్పించుకొనే చందా ఉత్తరాల వద్ద ఈ జల్లెడ తడబడుతుంది. పాఠమూ, తగ్గింపు ధరల ప్రకటనా ఒకే చిరునామా నుండి, ఒకే నుడికారంతో వస్తాయి. ప్రకటనను చెత్త అని గుర్తిస్తూ పోతే, కొన్నాళ్ళకు పాఠం కూడా దానితోపాటు పోవచ్చును. ఇక్కడ ప్రశ్న మాటలది కాదు, సమ్మతిది. కనుక చందా విరమించుకొనే మార్గాన్ని ఉత్తరపు తలభాగంలోనే సూచించే ఏర్పాటు 1998లో వచ్చినది. 2003 నాటి అమెరికా చట్టం అట్టి కోరికను పది పనిదినాలలో మన్నించవలెనని విధించినది. ఒక్క నొక్కుతో విరమించే పద్ధతి 2017లో స్థిరపడగా, పెద్దయెత్తున ప్రకటనలు పంపేవారు దానిని పాటించవలెనని 2024లో జీమెయిల్, యాహూ పట్టుబట్టినవి.

పాఠం కావలెను, ప్రకటన వద్దు అనువారికి మాత్రం తమ నియమాన్ని తామే వ్రాసికొనుట మేలు. అందుకై సీవ్, అనగా జల్లెడ, అనే చిన్న భాష 2001లోనే వెలువడినది. నేడు అనేక ఈమెయిల్ సేవలలో నియమాల పట్టిక ఉన్నది: ఫలానా వారి నుండి వచ్చి, శీర్షికలో ‘తగ్గింపు’ అని ఉంటే వేరే అరలో వేయుము. పారవేయుమని మాత్రం వ్రాయరాదు. చందా రుసుము తగ్గించినారన్న కబురు కూడా ఆ మాటతోనే రావచ్చును.