కొత్త కంప్యూటరు కార్యాలయ నెట్‌వర్కుకు అందనప్పుడు: తీగతో మొదలయ్యే తనిఖీ క్రమం

మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14న ముగించింది. విండోస్ 11 నడవడానికి టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, కొత్త తరం ప్రాసెసరు ఉండాలన్న నిబంధన వల్ల అనేక పాఠశాలలు, సహకార సంఘాలు, చిన్న కార్యాలయాలు పాత యంత్రాలను పక్కనబెట్టి కొత్తవి కొనవలసి వచ్చింది. పాత యంత్రం ఉన్న బల్ల మీదనే కొత్తదానిని ఉంచి, అదే తీగను తగిలిస్తారు. నిన్నటివరకు పనిచేసిన నెట్‌వర్కు నేడు అందదు. కిటికీ బయట ధ్రువపత్రాల కోసం వచ్చినవారు నిలబడి ఉంటారు. విద్యార్థి వేతనాల దరఖాస్తుకు అదే చివరి రోజు కావచ్చు. ఆ తొందరలో నాలుగైదు అమరికలను ఒకేసారి మార్చడం వల్ల అసలు లోపం దొరకదు సరికదా, కొత్త లోపాలు చేరుతాయి.

ఇందుకు మార్గం ఒకటే. తీగ, చిరునామా, గేట్‌వే, పేరు, అనుమతి అనే వరుసలో తనిఖీ చేయాలి. ఒక మెట్టు సరిగా ఉన్నదని తేలిన తరువాతనే పై మెట్టుకు వెళ్లాలి. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి, దానిని కాగితంపై రాసుకోవాలి.

తీగ

కంప్యూటరు వెనుక తీగను గుచ్చే చోట సాధారణంగా చిన్న దీపాలు ఉంటాయి. అవి వెలగకపోతే ఏ అమరికను ముట్టుకోవలసిన పని లేదు. పక్క బల్లపై పనిచేస్తున్న కంప్యూటరు తీగను తెచ్చి కొత్తదానికి తగిలించి చూడాలి. అప్పుడు దీపం వెలిగితే లోపం పాత తీగలోనో, స్విచ్‌లోని రంధ్రంలోనో ఉన్నట్లు. ఆ తీగతో కూడా వెలగకపోతే కంప్యూటరునే అనుమానించాలి. విండోస్‌లోని డివైస్ మేనేజరులో నెట్‌వర్కు కార్డు పక్కన పసుపు గుర్తు కనిపిస్తే డ్రైవరు లేదని అర్థం. దానిని వేరొక కంప్యూటరులో దించుకొని పెన్‌డ్రైవ్ ద్వారా ఎక్కించవచ్చు.

"పాత కంప్యూటరుకు ఇదే తీగ పనిచేసింది కదా" అన్న సందేహం సహజం. నెట్‌వర్కు తీగలో 8 సన్నని తీగలు 4 జతలుగా ఉంటాయి. సెకనుకు 100 మెగాబిట్ల వేగానికి 2 జతలు చాలు. 1000 మెగాబిట్ల వేగానికి 4 జతలూ బాగుండాలి. ఎలుక కొరికి ఒక జత తెగిన తీగ పాత యంత్రానికి సరిపోయి ఉండవచ్చు. కొత్త యంత్రం పూర్తి వేగం కోసం ప్రయత్నించి మాటిమాటికి తెగిపోతుంది, లేదా 100 వద్దనే ఆగిపోతుంది. స్విచ్ నుండి కంప్యూటరు వరకు తీగ పొడవు 100 మీటర్లు దాటకూడదు.

చిరునామా

విండోస్ మీట నొక్కి, ఆంగ్లాక్షరాలలో సీఎండీ అని టైపు చేసి ఎంటర్ నొక్కితే ఆదేశాల కిటికీ తెరుచుకుంటుంది. అందులో మధ్య ఖాళీ లేకుండా ఐపీకాన్ఫిగ్ అని టైపు చేస్తే కంప్యూటరు ఐపీ చిరునామా, గేట్‌వే కనిపిస్తాయి.

చిరునామా 169.254తో మొదలైతే, కంప్యూటరు చిరునామా అడిగినా ఎవరూ ఇవ్వనందున తనకు తానే ఒకటి పెట్టుకున్నదని అర్థం. చిరునామాలు పంచే పనిని చాలా కార్యాలయాలలో రూటరే చేస్తుంది. రూటరు పంచగల చిరునామాలకు పరిమితి ఉంటుంది. ఉదాహరణకు 50 మాత్రమే పంచేలా అమర్చిన చోట సిబ్బంది చేతిఫోన్లన్నీ వై-ఫైలో చేరితే కొత్త కంప్యూటరుకు మిగలదు. కొన్ని ఫోన్లను తప్పించి, కంప్యూటరును మళ్లీ ప్రారంభించి చూడాలి.

చిరునామాలను చేతితో కేటాయించే కార్యాలయాలలో మరొక చిక్కు వస్తుంది. పాత యంత్రం చిరునామానే కొత్తదానికి ఇచ్చి, ఆ పాత యంత్రాన్ని పక్క విభాగానికి పంపుతారు. అక్కడ దానిని తెరవగానే ఒకే చిరునామా గల రెండు యంత్రాలు ఒకదానినొకటి అడ్డుకుంటాయి. ఒక వీధిలో రెండిళ్లకు ఒకే నెంబరు ఉంటే ఉత్తరాలు తారుమారైనట్లే ఇదీ. కొన్ని కార్యాలయాలలో నెట్‌వర్కు కార్డు హార్డ్‌వేర్ చిరునామాను ముందుగా నమోదు చేసిన యంత్రాలనే అనుమతిస్తారు. అటువంటి చోట కొత్త కార్డు 12 అంకెల, అక్షరాల చిరునామాను నిర్వాహకునికి తెలియజేయాలి.

గేట్‌వే, పేరు

చిరునామా సరిగా ఉన్నప్పుడు పింగ్ ఆదేశంతో మూడు పరీక్షలు వరుసగా చేయాలి. మొదట 127.0.0.1కు పింగ్ పంపాలి. జవాబు వస్తే కంప్యూటరు లోపలి నెట్‌వర్కు సాఫ్ట్‌వేరు బాగున్నట్లు. రెండవది, ఐపీకాన్ఫిగ్ చూపిన గేట్‌వే చిరునామాకు పంపాలి. జవాబు వస్తే కార్యాలయం లోపలి దారి బాగున్నట్లు. మూడవది, గూగుల్ వారి 8.8.8.8కు పంపాలి. గేట్‌వే పలికి ఇది పలకకపోతే లోపం చాలావరకు రూటరులోనో, బ్రాడ్‌బ్యాండు సేవలోనో ఉంటుంది. పక్క కంప్యూటరులోనూ అదే పరీక్ష చేస్తే అనుమానం తీరుతుంది. పక్క కంప్యూటరుకే పింగ్ పంపి, జవాబు రాలేదని నిర్ణయానికి రాకూడదు. విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా పింగ్‌కు జవాబు ఇవ్వనివ్వదు.

మూడు పరీక్షలూ నెగ్గినా వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే, పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ అమరికను చూడాలి. చాలామంది వెంటనే అక్కడ 8.8.8.8 అని పెట్టేస్తారు. సొంత సర్వరు గల కార్యాలయంలో ఇది పొరపాటు. బయటి వెబ్‌సైట్లు తెరుచుకుంటాయి గానీ, కార్యాలయ సర్వరు పేరు బయటివారికి తెలియదు కనుక అది దొరకదు. పనిచేస్తున్న పక్క కంప్యూటరులో ఏ అమరిక ఉందో దానినే ఇక్కడా పెట్టాలి. బ్రౌజరులోని ప్రాక్సీ అమరికను కూడా అలాగే పోల్చి చూడాలి.

వెబ్‌సైట్లు భద్రతా హెచ్చరిక చూపి ఆగిపోతే మొదట గడియారం చూడాలి. కొత్త విండోస్ కొన్నిసార్లు అమెరికా కాలమండలంతో మొదలవుతుంది. అది తెలియక గంటను మాత్రమే చేతితో మార్చితే లోపల సమయం తప్పుగానే మిగులుతుంది. భారత కాలమండలాన్ని ఎంచుకొని, తేదీని, సంవత్సరాన్ని సరిచూడాలి.

అనుమతి

అంతర్జాలం వస్తున్నా కార్యాలయ ఉమ్మడి ఫైళ్లు అందకపోవడం కొత్త యంత్రాలలో తరచుగా కనిపించే ఇబ్బంది. కొత్త విండోస్ తాను చేరిన నెట్‌వర్కును సాధారణంగా "పబ్లిక్"గా భావించి, ఇతర యంత్రాలకు కనిపించకుండా దాగి ఉంటుంది. సొంత కార్యాలయ నెట్‌వర్కు అయితే దానిని "ప్రైవేట్"గా మార్చాలి.

రెండవ కారణం ఎస్ఎంబీ 1 అనే పాత ఫైళ్ల పంపిణీ పద్ధతి. 2017 మేలో వాన్నాక్రై అనే హానికర ప్రోగ్రాము ఈ పద్ధతిలోని లోపం ద్వారానే ప్రపంచమంతటా వ్యాపించింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు సైతం దాని బారిన పడ్డాయి. ఆ తరువాతి విండోస్ కూర్పులలో ఎస్ఎంబీ 1ను క్రమంగా తొలగించారు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ప్రో రకంలో సంకేతపదం లేని అతిథి ప్రవేశాన్ని కూడా ఆపివేశారు. కనుక పాత సర్వరులోని ఫైళ్లు కొత్త యంత్రానికి అందకపోవడం అన్నివేళలా లోపం కాదు, అది రక్షణ కూడా కావచ్చు. ఎస్ఎంబీ 1ను తిరిగి తెరవడం కన్నా సర్వరును నవీకరించి, ప్రతి ఉద్యోగికి పేరు, సంకేతపదం ఇవ్వడమే మేలు.

చేయకూడనివి

రూటరు వెనుక సన్నని రంధ్రంలోని రీసెట్ మీటను నొక్కకూడదు. బ్రాడ్‌బ్యాండు ఖాతా పేరు, సంకేతపదం చెరిగిపోయి, ఒక్క కంప్యూటరు ఇబ్బంది కార్యాలయమంతటికీ పాకుతుంది. ఇంటి నుండి తెచ్చిన వై-ఫై రూటరును స్విచ్‌కు తగిలించకూడదు. అది కూడా చిరునామాలు పంచడం మొదలుపెట్టి ఇతర యంత్రాలను దారి తప్పిస్తుంది. ఒకే తీగ రెండు కొసలనూ ఒకే స్విచ్‌లో గుచ్చితే నెట్‌వర్కు మొత్తం స్తంభించవచ్చు. పరీక్ష కోసం ఫైర్‌వాల్‌ను ఆపితే వెంటనే తిరిగి తెరవాలి.

ముందుజాగ్రత్త

పాత యంత్రాన్ని తీసేముందే దాని ఐపీ చిరునామా, గేట్‌వే, డీఎన్ఎస్, ప్రాక్సీ, ప్రింటరు పేరు ఒక కాగితంపై రాసుకొంటే సగం శ్రమ తగ్గుతుంది. సరిహద్దు జిల్లాల కార్యాలయాలకు మరమ్మతుదారు పట్టణం నుండి రావలసి ఉంటుంది. అతనితో ఫోనులో కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో మాట్లాడవలసి రావచ్చు. "నెట్ రావడం లేదు" అని ఏ భాషలో చెప్పినా అతనికి ఏమీ తెలియదు. దీపం వెలుగుతున్నదా, చిరునామా ఏమిటి, ఏ పింగ్‌కు జవాబు ఆగింది, పక్క కంప్యూటరు పనిచేస్తున్నదా అన్న నాలుగు విషయాలు చెప్పగలిగితే చాలాసార్లు అతడు రాకుండానే పని ముగుస్తుంది.