హామీ మీద లేచిన విమానం

2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో జెండా ఊపారు. చిన్న ఊళ్ళకు విమానం నడిపే ఉడాన్ పథకం కింద తొలి విమానం ఢిల్లీకి లేచింది. అదే వేదిక మీంచి వీడియోలో ఇంకో రెండు సర్వీసులకు కొబ్బరికాయ కొట్టినట్టయింది. ఒకటి నాందేడ్-హైదరాబాద్, రెండోది మా కడప-హైదరాబాద్. మంచు పడే ఊరికీ, ఏప్రిల్‌కే బండలు కాలే ఊరికీ ఒకటే ముహూర్తం.

నాకు కడప ఏడురోడ్ల దగ్గర టికెట్ల షాపుంది. బస్సు, రైలు, విమానం, ఏదడిగితే అది. ఆ వారమంతా షాపుకొచ్చినోళ్ళు అడిగింది ఒకటే ముక్క.

"రెండున్నర వేలంట గదన్నా, నిజమేనా?"

నిజమే, కానీ సగం సీట్లకే. గంట ప్రయాణానికి అప్పట్లో పెట్టిన 2,500 రూపాయల పరిమితి మిగతా సగానికి లేదు. ముందు కొన్నోడికి ఆ ధర, ఆలస్యం చేసినోడికి ఆనాటి రేటు. ఆ తగ్గింపు ధరకు కంపెనీకి కిట్టదు కాబట్టి, కిట్టని మేర ప్రభుత్వం పూడుస్తుంది. పూడ్చే సొమ్ములో కేంద్రం వాటా 80 శాతం, రాష్ట్రం వాటా 20. కేంద్రం తన వాటా కోసం పెద్ద ఊళ్ళ మధ్య తిరిగే విమానాల మీద రుసుం వేసింది. దిగినందుకు, నిలిపినందుకు విమానాశ్రయం డబ్బు అడగకూడదు. పోలీసు కాపలా, ఫైరింజను రాష్ట్రం ఊరికే ఇవ్వాలి. ఇంధనం మీద వ్యాట్ ఒక శాతానికి దించాలి. లోటు పూడ్చే ఏర్పాటు మూడేళ్ళు. ఆ తర్వాత కంపెనీ తన కాళ్ళ మీద తాను నిలబడాలి.

ఈ లెక్క ఢిల్లీలో కొత్తేమో గానీ మా రాయలసీమకు పాతదే. కర్నూలు-కడప కాలువ చరిత్ర చదవండి. లండన్‌లో షేర్లమ్మిన మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ 1860ల్లో సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, ఆ కాలువ తవ్వింది. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనలో అది పైరుకు నీళ్ళిచ్చే కాలువే కాదు, పడవలు తిరిగే దారి కూడా. పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద రాబడి వచ్చినా రాకున్నా ఏటా ఐదు శాతం వడ్డీ ఇస్తామని ప్రభుత్వం హామీ రాసింది. హామీ ఉంది కాబట్టి కంపెనీ వచ్చింది. మెట్టపైర్లకు అలవాటు పడ్డ రైతు అనుకున్నంత నీళ్ళు కొనలేదు. పడవల రాబడీ గిట్టుబాటు కాలేదు. 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. కంపెనీ పోయింది గానీ కాలువ ఉంది, ఇప్పటికీ దాని కింద వరి పండుతోంది. కర్నూలునీ కడపనూ కలిపిన ఆ దారికి గాలిలో జోడీ లేదు. రెండు ఊళ్ళ మధ్య విమానం కావాలని నా షాపులో ఎవరూ అడగలేదు కూడా. నంద్యాల మీదుగా బస్సుంది, అది చాలు.

కడప రన్‌వే ఉడాన్‌తో పుట్టింది కాదు. ఊరి పక్కన ఎయిర్‌స్ట్రిప్ 1950ల నాటి నుంచే ఉంది. మా చిన్నప్పుడు దాన్ని విమానాల గడ్డ అనేవాళ్ళం, విమానం మాత్రం మంత్రులొచ్చినప్పుడే. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా దాన్ని బాగుచేసే ఏర్పాట్లు కదిలాయి. ఆయనే 2009 సెప్టెంబర్ 2న బేగంపేటలో హెలికాప్టర్ ఎక్కి, చిత్తూరు జిల్లాకు పోతూ నల్లమలలో మబ్బుల మధ్య పావురాలగుట్ట దగ్గర అది కూలి చనిపోయాడు. వానలు తక్కువ, ఆకాశం తెరిపి అని మేం చెప్పుకునే సీమలోనే.

బాగుచేసిన విమానాశ్రయాన్ని 2015 జూన్ 7న తెరిచారు. మొదటి విమానం బెంగళూరు నుంచి ఎయిర్ పెగాసస్‌ది. ఆ కంపెనీ పుట్టి అప్పటికి రెండు నెలలు. అద్దెకు తెచ్చుకున్న మూడు ఏటీఆర్ విమానాలు దాని ఆస్తి. 2016 జూలై చివర్లో అద్దె బాకీల చిక్కులో అన్ని సర్వీసులూ ఆపేసింది. మళ్ళీ టెర్మినల్‌కు తాళం. తర్వాత ఉడాన్‌లో ట్రూజెట్ వచ్చింది. అది హైదరాబాద్ కంపెనీ, ప్రచారానికి రామ్‌చరణ్ బొమ్మ. కుర్రాళ్ళు కొందరు ఆ పోస్టరు చూసే టికెట్ అడిగారు, నేను కాదనలేదు. ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో మూతపడింది. అదే మార్చి ఆఖరులో ఇండిగో దిగింది, లోటు భరిస్తామని రాష్ట్ర ప్రభుత్వం ముందుకొచ్చాకనే.

రన్‌వే వేయడం మా దగ్గర కష్టం కాదు. బీడు కావలసినంత ఉంది. కష్టమల్లా రోజూ వచ్చే విమానాన్ని నిలుపుకోవడం.

కర్నూలు కథ ఇంకో రకం. 1953 అక్టోబర్ 1 నుంచి మూడేళ్ళు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరు అది. ఆ హోదా పోయిన అరవై ఏళ్ళకు, 2017 జూన్ 21న, ఓర్వకల్లు దగ్గర విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. ఓర్వకల్లు, పూడిచెర్ల, కన్నమడకల గ్రామాల పొలిమేరల్లో సుమారు వెయ్యి ఎకరాలు. కడప విమానాశ్రయం కేంద్ర సంస్థది, ఇది మాత్రం రాష్ట్ర ప్రభుత్వ సంస్థ సొంతంగా కట్టింది. 2019 జనవరి 8న ముఖ్యమంత్రిగా చంద్రబాబు నాయుడు ప్రారంభించారు. ఎన్నికలు ఇంకో మూడు నెలలకు. కానీ విమానయాన శాఖ లైసెన్సు 2021 జనవరిలో గానీ చేతికి రాలేదు. ఆ మార్చి 25న తర్వాతి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి రెండోసారి ప్రారంభించి, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. 28న బెంగళూరు నుంచి ఇండిగో ఏటీఆర్ దిగింది. ఒక్క ప్రయాణికుల సర్వీసైనా నడవకముందే రెండు రిబ్బన్లు కత్తిరించుకున్న విమానాశ్రయం అది.

పేరు విషయంలో ఒక ముచ్చట. పాలెగాడు నరసింహారెడ్డి 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడడానికి ఒక కారణం కుటుంబానికి రావలసిన తవర్జీని, అంటే భరణాన్ని, ఈస్టిండియా కుంఫిణీ ఆపేయడం, ఇంకొకటి కావలివాళ్ళకిచ్చిన కట్టుబడి మాన్యాలు లాక్కోవడం. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలోనే ఉరితీశారు. ఇస్తామన్నది ఇవ్వని సర్కారుతో తగువు పడ్డ మనిషి పేరు, సర్కారు ఇచ్చే సొమ్ము మీద బతికే విమానాశ్రయానికి పెట్టారు. పేరు పెట్టినోళ్ళు ఇంత దూరం ఆలోచించి ఉండరు.

ఈ రెండు చోట్లా దిగేది ఎక్కువగా ఏటీఆర్ 72. ఫ్రాన్సు, ఇటలీ కలిసి చేసే పంకాల విమానం, ఇండిగో దాంట్లో 78 సీట్లు. పొట్టి రన్‌వే చాలు, తిరుగు ప్రయాణానికి ఇంధనం కూడా బయల్దేరిన చోటే నింపుకుని రాగలదు. కడప రన్‌వే రెండు కొసల మీద 11, 29 అని అంకెలుంటాయి. దిక్సూచి మీద 110, 290 డిగ్రీలకు అవి గుర్తులు. విమానం గాలికి ఎదురుగా దిగాలి, ఎదురుగానే లేవాలి. నైరుతి రుతుపవనాల నెలల్లో మాకు వాన రాకపోయినా పడమటి గాలి మాత్రం తప్పదు. అప్పుడు 29 వైపుగా దిగుతారు. మే నెల ఎండకు గాలి పలచబడుతుంది, రెక్కలకు పట్టు తగ్గుతుంది, అందుకని మధ్యాహ్నం బరువు లెక్క కాస్త బిగిస్తారు. ఇంకో సంగతి, రెండు విమానాశ్రయాలూ రాత్రి దిగే సదుపాయం లేకుండానే మొదలయ్యాయి. ఇది చిన్న లోటుగా కనబడుతుంది. కాదు.

ఎందుకంటే కడప, రాయచోటి, రాజంపేట, బద్వేలు పక్క నిజంగా విమానమెక్కే జనం కువైట్ జనం. ఇరవై నంబరు వీసా మీద ఇళ్ళలో పనికి పోయే ఆడవాళ్ళు, డ్రైవర్లు, వంటవాళ్ళు. కడపకు విమాన సర్వీసు రాకముందే ఈ జనానికి విమానాశ్రయమంటే కొట్టినపిండి. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌లో దిగినప్పుడు ఎడారి దాటి జోర్డాన్ చేరినోళ్ళలో మావాళ్ళూ ఉన్నారు. అమ్మాన్ నుంచి ఎయిరిండియా 488 విమానాల్లో లక్షా పదివేల మందికి పైగా బొంబాయికి చేర్చింది. బొంబాయి నుంచి కడపకు 1871 నాటి రైలుదారి ఉంది. అలా వచ్చిన ఒకామె మా షాపులో కూర్చుని, "విమానం ఊరికే ఎక్కిచ్చిరి సామీ, రైల్లోనే కూచునేకి చోటు ల్యాకపాయ" అనింది.

వాళ్ళ దారి ఇప్పటికీ మారలేదు. ఇంటిల్లిపాదీ బండి మాట్లాడుకుని చెన్నైకో బెంగళూరుకో పోయి సాగనంపుతారు. కువైట్ విమానాలు చాలావరకు రాత్రి పూట. మా ఏటీఆర్‌ది పగటి పని. వేళ కలిసొచ్చినా సామాను కలిసిరాదు. కువైట్ నుంచి 30 కిలోల అట్టపెట్టెలు వస్తాయి, నీడో పాలపొడి డబ్బాలు, దుప్పట్లు, అత్తరు సీసాలు అన్నీ. విడిగా కొన్న దేశీయ టికెట్ మీద 15 కిలోలే ఊరికే తీసుకుంటారు. మిగతా దానికి కట్టే డబ్బుతో రాయచోటి దాకా బండే వస్తుంది. అందుకే ఉడాన్ సీట్లలో నేను ఎక్కించింది ఎక్కువగా వ్యాపారులను, హైకోర్టు పని మీద పోయేవాళ్ళను, ఆస్పత్రి రోగులను, కాంట్రాక్టర్లను.

2024 మార్చి 10న ప్రధాని కడప కొత్త టెర్మినల్‌కు శంకుస్థాపన చేశారు, ఈసారి ఆజంగఢ్ నుంచి వీడియోలో. 2025 జూలై 2న కర్నూలు-విజయవాడ సర్వీసు మొదలైంది, దానికీ జెండా దూరం నుంచే. ఆ అక్టోబర్ 16న ప్రధాని శ్రీశైలం పోవడానికి ఓర్వకల్లులోనే దిగారు. ఇవన్నీ బాగున్నాయి. నన్నడిగితే కడపకు ముందు కావలసింది కొత్త అద్దాల భవనం కాదు. రాత్రి చెన్నైలో లేచే కువైట్ విమానాన్ని అందుకునే వేళకు ఒక ఏటీఆర్, రెంటికీ కలిపి ఒకే టికెట్, ఆ టికెట్ మీద 30 కిలోలు. లోటు పూడ్చే సొమ్ము ఎటూ ఇస్తున్నారు కాబట్టి, ఒక్క ఏడాది దాన్ని ఈ దారి మీద పెట్టి చూడమని రాయచోటి నుంచి వచ్చేవాళ్ళ సంతకాలతో ఒక అర్జీ రాయిస్తున్నాను.