సొంతంగా కట్టుకున్న విమానాలు: ప్రొపెల్లర్, ఇంజన్ పరీక్షల చరిత్ర

సొంతంగా కట్టుకున్న విమానానికి ఏ ఇంజన్ పెట్టాలి, దానికి ఏ ప్రొపెల్లర్ నప్పుతుంది అన్నది లెక్కలతో మొదలై కొలతలతో తేలే విషయం. ఈ పరీక్షల కథను రైట్ సోదరులతో మొదలుపెట్టవచ్చు. విల్బర్, ఆర్విల్ అమెరికాలోని డేటన్‌లో సైకిళ్ల దుకాణం నడిపేవారు. వాళ్ల విమానం అక్కడే తయారైంది.

ఓడల ప్రొపెల్లర్ల లెక్కలు తమకూ పనికొస్తాయని 1902లో వాళ్లు అనుకున్నారు. తీరా చూస్తే ఓడలవాళ్లకు అనుభవమే ఉంది, సిద్ధాంతం లేదు. దాంతో ప్రొపెల్లర్‌ను తిరుగుతూ ముందుకు సాగే రెక్కగా ఊహించి, రెక్కల నమూనాలను గాలి సొరంగంలో పరీక్షించి రాసుకున్న అంకెలనే దానికీ వాడారు. ఈ ఒక్క ఊహ లేకపోతే మిగతా శ్రమంతా వృథా అయ్యేది. 28 అంగుళాల నమూనాను దుకాణంలో తిప్పి చూశాక, స్ప్రూస్ పలకలు అతికించి, గొడ్డలితోను, రెండు పిడుల కత్తితోను ఎనిమిదిన్నర అడుగుల ప్రొపెల్లర్లు చెక్కారు. ఇంజన్ శక్తిలో 66 శాతం తోపుగా (ముందుకు నెట్టే బలంగా) మారుతుందని వాళ్ల అంచనా. శతాబ్దం తర్వాత అదే ఆకారంలో చేసిన ప్రతులను గాలి సొరంగంలో పరీక్షిస్తే అంతకంటే ఎక్కువే వచ్చింది.

ఇంజన్‌ను దుకాణం మెకానిక్ చార్లీ టేలర్ ఆరు వారాల్లో తయారుచేశాడు. 1903 ఫిబ్రవరి పరీక్షల్లో బేరింగులు బిగుసుకుపోయి అల్యూమినియం క్రాంక్‌కేస్ పగిలింది. మళ్లీ పోత పోయించారు. రెండోసారి నడిపినప్పుడు మొదటి కొన్ని క్షణాలు 16 అశ్వశక్తి వచ్చి, వేడెక్కేసరికి 12కు పడిపోయింది. వాళ్లు కోరుకున్నది 8 మాత్రమే కాబట్టి అదీ లాభమే.

విమానం ఎగరేయడానికి కిట్టీహాక్ ఇసుక తీరానికి వచ్చాక నవంబరులో ఇంజన్ అదురుకు ప్రొపెల్లర్ ఇరుసులు దెబ్బతిన్నాయి. వాటిని బాగుచేయించాక, కదలకుండా నిలిపి ఉంచిన విమానం తోపును కొలిస్తే 132 పౌన్లు దాటింది. ఎగరడానికి 90 పౌన్లు చాలని వాళ్ల లెక్క. అంతలో ఇరుసులో మళ్లీ పగులు కనిపించింది. కొత్త ఉక్కు ఇరుసుల కోసం ఆర్విల్ డేటన్‌కు వెళ్లిరావాల్సి వచ్చింది. డిసెంబరు 17న ఎగిరిన విమానం మీద స్టాప్‌వాచ్, గాలివేగమాపకం, ఇంజన్ చుట్లు లెక్కపెట్టే మీటరు ఉన్నాయి. 12 సెకన్ల మొదటి ఎగురుడు కూడా అంకెలతోనే మిగిలింది.

తర్వాతి తరాల వాళ్లు కారు ఇంజన్లకు ప్రొపెల్లర్‌ను నప్పించడానికి ఇదే కష్టం పడ్డారు. 1929లో మిన్నెసోటాకు చెందిన బెర్నార్డ్ పీటెన్‌పోల్ ఫోర్డ్ మోడల్ ఏ ఇంజన్‌తో విమానం ఎగరేశాడు. నెమ్మదిగా తిరిగే ఆ ఇంజన్‌కు పొడవాటి చెక్క ప్రొపెల్లర్ సరిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాడుకలోకి వచ్చిన ఫోక్స్‌వాగన్ ఇంజన్ వేగంగా తిరిగేది కాబట్టి పొట్టి ప్రొపెల్లర్ పెట్టక తప్పలేదు. విమానాల కోసమే చేసిన రోటాక్స్ 912 ఇంజన్ పళ్లచక్రాలతో వేగం తగ్గించి ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. రైట్ సోదరులు గొలుసులతో చేసిందీ అదే.

నేలమీది కొలత ఒక్కటే చాలదు. నిలబడి ఉన్న విమానంలో ప్రొపెల్లర్ బ్లేడ్లు గాలిని ఎక్కువ కోణంలో కోస్తాయి, ఇంజన్ పూర్తి వేగం అందుకోదు. గాల్లో వేగం పెరిగేకొద్దీ ఆ భారం తగ్గి చుట్లు పెరుగుతాయి. అందుకే పూర్తి థ్రాటిల్‌తో మట్టంగా ఎగిరి చుట్లు, ఎత్తు, ఉష్ణోగ్రత రాసుకుంటారు. వేగం కొలిచేటప్పుడు గాలి ప్రభావం పోవడానికి వేర్వేరు దిక్కుల్లో ఎగురుతారు. చుట్లు గరిష్ఠ పరిమితి దాటితే ప్రొపెల్లర్ మెలిక (పిచ్) పెంచాలి, అందుకోకపోతే తగ్గించాలి. మెలిక మార్చలేని ప్రొపెల్లర్‌ను పైకి ఎగబాకడానికి సరిపెడితే మట్టంగా సాగే వేగం తగ్గుతుంది, ఆ వేగానికి సరిపెడితే ఎగబాకడం మందగిస్తుంది.

అమెరికా నిబంధనల్లోనూ ఇంజన్, ప్రొపెల్లర్ జంటకే ప్రాధాన్యం. అధికారికంగా ఆమోదం పొందిన ఇంజన్, ప్రొపెల్లర్ జోడీ ఉంటే పరీక్షగా ఎగరాల్సింది సాధారణంగా 25 గంటలు. ఆ ఆమోదం లేని జోడీ అయితే 40 గంటలు.