నాదమా, సౌలభ్యమా

రైల్వేవారు 'భద్రాచలం రోడ్డు' అని పిలిచే స్టేషను మా కొత్తగూడెంలోనే ఉన్నది. రాములవారి కోవెల ఇక్కడికి సుమారు నలభై కిలోమీటర్లు. అయినా మాలో అనేకుల చెవులకు రామదాసు కీర్తనలు బెజవాడ మీదుగా వచ్చాయి. 1948 డిసెంబరు 1న ఆరంభమైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం, 'భక్తిరంజని'లో మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి గళాన వాటిని తెలుగునాట ఇంటింటికీ చేర్చింది.

అయితే చేరినది ఎంత? మీడియం వేవు పట్టే చిన్న ట్రాన్సిస్టరులో నాలుగైదు వేల హెర్ట్‌జ్‌ల పైనున్న ధ్వని దాదాపు దక్కదు. సకారపు బలం చాలావరకు ఆ పైభాగంలోనే ఉంటుంది. శకారానిది కొంత దిగువన. పైభాగం తెగిపోతే రెండింటికీ భేదం చెడుతుంది. తెలుగు పండితుణ్ణి గనుక నన్ను బాధించినది గరగర కాదు, ఇదే. (మన నోళ్లలో శ, ష, స లు కలిసిపోవడం రేడియో కంటె ఎంతో పాతదనుకోండి.)

1963లో ఫిలిప్స్ సంస్థ కాసెట్టు తెచ్చింది. స్టూడియో టేపు సెకనుకు 38 సెంటీమీటర్లు పరుగెత్తితే ఇది 4.76 మాత్రమే నడుస్తుంది, ఎనిమిదో వంతు. వెడల్పు నాలుగు మిల్లీమీటర్లయినా లేదు. అంత ఇరుకులో పైస్థాయి ధ్వనులు పలచబడతాయి, వెనుక సుయ్యిమనే హోరు చేరుతుంది. విచిత్రమేమంటే, కాసెట్లు ఇళ్లలో నిండుతున్న 1980ల చివరనే కొత్తగూడేనికి ఆకాశవాణి ఎఫ్.ఎం. కేంద్రం వచ్చింది. ఎఫ్.ఎం.లో 15,000 హెర్ట్‌జ్‌ల దాకా వినవచ్చు. మేలైన నాదం ఉచితంగా గడపలోకి వచ్చినా, నేనెరిగిన ఇళ్లలో అరిగిన టేపుదే పైచేయి అయింది.

కారణం ఊరిలోనే ఉన్నది. ఇది బొగ్గుగనుల ఊరు. భక్తిరంజని వేళకు మొదటి షిఫ్టువాడు గనికి బయలుదేరే తొందరలో ఉంటాడు. రాత్రి షిఫ్టువాడు ఇంకా ఇల్లు చేరడు. రేడియో తన వేళకే పాడుతుంది. కాసెట్టు వచ్చాక, పగలు నిద్రపోయి లేచిన కార్మికుడు మధ్యాహ్నం మూడింటికి తన సుప్రభాతం తాను పెట్టుకోగలిగాడు. అతణ్ణి తప్పుపట్టేటంత సంగీతాభిమానం నాకు లేదు.

తరువాతి బేరమే నాకు మింగుడుపడదు. 1982 నాటి సీడీ సెకనుకు 1,411 కిలోబిట్లు ఇచ్చింది. 1990లలో వ్యాపించిన ఎం.పీ.3లు తరచు 128తో సరిపెట్టాయి, అంటే పదకొండో వంతు. చెవి గుర్తించదని లెక్కగట్టిన భాగాన్ని అవి వదిలేస్తాయి. నిజానికి జాగ్రత్తగా చేసిన ఎం.పీ.3 మీడియం వేవు కంటె ఎంతో నయం. చెడగొట్టేది ఫోను స్పీకరు. మృదంగపు ఎడమవైపు, తంబురా మంద్రం ఆ బెజ్జంలో పట్టవు. ఇక్కడ షిఫ్టుల ఇబ్బంది లేదు, టేపు కొనే ఖర్చూ లేదు. ఇయర్‌ఫోను జేబులోనే ఉంటుంది, తీయరు.

మా వీధిలో ఇప్పుడు రామదాసు కీర్తన మోగితే శ, స లు స్పష్టంగానే తెలుస్తున్నాయి. తంబురా తెలియడం లేదు.